స్నార్కెలింగ్‌కి కాళ్ళకేం వేసుకోవాలి? నెల్లూరు చెప్పుల షాపు నుంచి నాలుగు మాటలు

నెల్లూరు చిన్నబజారులో మాది చెప్పుల షాపు. మా నాన్న పెట్టాడు. నేను గల్లా దగ్గర కూర్చోబట్టి ఇరవై ఎనిమిదేళ్ళవుతోంది. ఈ నాలుగైదేళ్ళుగా సంక్రాంతి దాటితే చాలు, వారానికి ఒకరైనా వచ్చి "అన్నా, అండమాన్ పోతుండాం. నీళ్ళల్లో ఏసుకునేదానికి ఏమన్నా ఉండాయా?" అని అడుగుతున్నారు. చెన్నై పోయి విమానం ఎక్కితే రెండు గంటల పైచిలుకులో పోర్ట్ బ్లెయిర్. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంకా పాత పేరే అంటున్నారు. అక్కడి నుంచి పడవలో హేవ్‌లాక్, నీల్ ద్వీపాలు. కళ్ళకు అద్దం పెట్టుకుని, నోట్లో గొట్టం పట్టుకుని, నీటి మీద బోర్లా తేలుతూ కింద పగడపు దిబ్బల్ని, రంగురంగుల చేపల్ని చూడటమే స్నార్కెలింగ్.

అందరూ అద్దం గురించి అడుగుతారు, ఫోనుకు కవరు కొంటారు. కాళ్ళ సంగతి మాత్రం బట్టలు సర్దే రోజు గుర్తొస్తుంది. అప్పుడు ఏదో ఒక జత పట్టుకుపోతారు. నేను కూడా మొదట్లో సోలు కాస్త లావుగా ఉన్న శాండల్ చూపించి పంపేవాణ్ణి. అది సరిపోదని 2023 ఫిబ్రవరిలో మా ఆవిడ కాలు చూశాక తెలిసింది.

నీల్ ద్వీపంలో సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని సహజంగా ఏర్పడిన రాతి వంతెన దాకా నడిచి పోతారు. దారంతా చచ్చిన పగడపు రాళ్ళు, మధ్యమధ్యలో నీటి గుంటలు, రాళ్ళ మీద పాచి. మా ఆవిడ మా షాపు హవాయి చెప్పులతోనే దిగింది. గుంటలో కాలు పెట్టగానే చెప్పు పైకి తేలింది, పాదం పక్కకు జారింది, చిటికెన వేలి పక్కన చిన్న గీత పడింది. గోరు పొడవు కూడా లేదు, రక్తం రెండు చుక్కలు. కానీ తనకు షుగర్ ఉంది. ఆ గీత మానడానికి ఐదు వారాలు పట్టింది. పగడం గీసుకుంటే దాని పొడి, కంటికి కనపడని జీవాలు పుండులో ఉండిపోతాయని, అందుకే ఆలస్యంగా మానుతుందని డాక్టరు చెప్పారు. ఆ ఐదు వారాలూ రోజు విడిచి రోజు కట్టు మార్పిస్తూ, మళ్ళీ ఎవరికీ అంచనా మీద జత ఇవ్వకూడదనుకున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. స్నార్కెలింగ్‌లో కాళ్ళకు రెండు పనులు. గట్టు మీద నుంచి నీళ్ళ దాకా నడక ఒకటి, నీళ్ళలో ఈత ఒకటి. నడకకు అడుగు గట్టిగా ఉండాలి, ఈతకు కాలు తేలిగ్గా ఉండాలి. ఒకే జతతో రెండూ జరిగిపోవాలని చూస్తే రెండిట్లోనూ ఇబ్బందే. కాబట్టి "ఏ షూ మంచిది?" అనే ముందు "ఏ బీచికి, ఎట్లా దిగుతారు?" అని నేను అడుగుతాను. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచి అంతా మెత్తటి ఇసుక, అక్కడ ఉత్త కాళ్ళతో తిరగొచ్చు. అదే ద్వీపంలో ఎలిఫెంట్ బీచికి పడవలో పోతే ఒడ్డునే ఒరిగిపోయిన చెట్ల మొదళ్ళు, వేళ్ళు, నీళ్ళలోకి నాలుగడుగులు వేస్తే విరిగిన పగడపు ముక్కలు. పడవ అంచు మీద నుంచి నేరుగా లోతు నీళ్ళలోకి దించే చోట నడకే ఉండదు, అక్కడ పల్చటి సాక్స్ చాలు. టికెట్టు మాట్లాడుకునేటప్పుడే ఈ ఒక్క మాట కనుక్కోండి.

నడక ఉన్న చోటికి వాటర్ షూస్ తీసుకోండి. వీటినే ఆక్వా షూస్ అని కూడా అంటారు. పైన సాగే గుడ్డ, కింద రబ్బరు అడుగు. ఐదారు వందల నుంచి దొరుకుతాయి. ధర చూసి మోసపోవద్దు, చేతిలోకి తీసుకుని చూడండి. మొదటిది, బాల్ పెన్ను మొన పెట్టి అడుగు కింద నుంచి గట్టిగా నొక్కండి, రెండో చెయ్యి లోపల ఉంచండి. లోపలి వేలికి పెన్ను మొన స్పష్టంగా తెలిసిందంటే పగడపు ముక్క కూడా పాదానికి అంతే స్పష్టంగా తెలుస్తుంది. ఆ జత పక్కన పెట్టేయండి. రెండోది, అడుగు రబ్బరా, ప్లాస్టిక్కా చూడండి. గట్టి ప్లాస్టిక్ తడి రాయి మీద, పాచి మీద జర్రున జారుతుంది. గోరుతో నొక్కితే కొంచెం దిగి మళ్ళీ పైకొచ్చే మెత్తటి రబ్బరు, దాని మీద సన్నటి గాట్లు ఉంటే పట్టు బాగుంటుంది. లోతైన పెద్ద పెద్ద గళ్ళు మట్టిలో నడవడానికి పనికొస్తాయి గానీ తడి రాతికి కాదు.

తర్వాత ముందు భాగం. రబ్బరు కింద నుంచి వేళ్ళ పైకి కొంచెం ఎక్కి ఉండాలి. రాయికి ముందు తగిలేది బొటన వేలే. నీళ్ళు బయటికి పోవడానికి చిల్లులు ఉండాలి, కానీ వాటికి లోపల సన్నటి జాలీ ఉండాలి, లేకపోతే అవే చిల్లుల్లోంచి గవ్వ ముక్కలు లోపలికి వచ్చి అరికాలు కింద చేరతాయి. లోపలి అట్ట ఊడొస్తుందేమో వేలు పెట్టి లాగి చూడండి. నీళ్ళలో అది మడత పడితే నడవలేరు. ఉత్త పేస్టింగ్ మీద నిలబడ్డ జత కంటే చుట్టూ కుట్టు ఉన్నది ఉప్పునీటికి ఎక్కువ కాలం ఆగుతుంది.

సైజు దగ్గరే మనవాళ్ళు ఎక్కువ తప్పు చేస్తారు. మామూలు షూ అయితే వేలెడు ఖాళీ వదలమంటాను. ఇది అట్లా కాదు. వదులుగా ఉంటే నీళ్ళు నిండి కాలు బరువెక్కుతుంది, ఈదేటప్పుడు ఊడిపోతుంది. సాగే గుడ్డ తడిస్తే ఇంకాస్త వదులవుతుంది. పొడిగా ఉన్నప్పుడు పాదాన్ని సున్నితంగా పట్టుకున్నట్టుండాలి, వేళ్ళు మాత్రం ముడుచుకోకూడదు. సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. పిల్లలకు "వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది" అని ఒక నంబరు పెద్దది కొనేవాళ్ళు రోజూ కనిపిస్తారు. స్కూలు షూకి ఫరవాలేదు, దీనికి మాత్రం వద్దు. చిన్నప్పుడు ఉత్త కాళ్ళతో పొలం గట్ల మీద తిరిగిన వాళ్ళకు పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. వాళ్ళు ఆన్‌లైన్‌లో నంబరు చూసి కొనకుండా వేసుకుని చూసి కొనాలి.

ఆడవాళ్ళకు ఇంకో మాట, ఇది ఏ డబ్బా మీదా రాసి ఉండదు. కాళ్ళకు పట్టీలు ఉంటే తీసేసి రూములో పెట్టండి, ఈతకు కాళ్ళకు తొడిగే రెక్కల (ఫిన్స్) పట్టీకి తగులుకుంటాయి. మెట్టెలు మాత్రం తియ్యనంటారు, మా ఆవిడా తియ్యలేదు. బిగుతు షూలో మెట్టె పక్క వేలిని నొక్కి, పది నిమిషాల్లో అక్కడ ఎర్రగా కమిలిపోతుంది. మందుల షాపులో దొరికే మెత్తటి టేపు మెట్టె మీదుగా ఒక్క చుట్టు చుట్టి, అప్పుడు షూ వేసుకుని సైజు చూసుకోవాలి. ఎత్తుగా పువ్వు డిజైను ఉన్న మెట్టెలైతే ఆ నాలుగు రోజులకు సాదా రింగు మెట్టెలు పెట్టుకోండి.

ఇక ఈత. ఫిన్స్ అంటే బాతు కాళ్ళలాంటి పొడవు రెక్కలు. అండమాన్‌లో చాలా చోట్ల లైఫ్ జాకెట్ వేసి, గాలి ట్యూబు పట్టుకోమని, గైడే లాక్కుపోతాడు. అప్పుడు ఫిన్స్ అవసరం లేదు, వాటర్ షూస్‌తోనే తేలొచ్చు. ఈత వచ్చి సొంతంగా తిరిగేవాళ్ళకే ఇవి. వీటిలో రెండు రకాలు. ఒకటి బూటులాగా మడమ దాకా మూసి ఉండేది. ఇది ఉత్త కాలికో, పల్చటి సాక్స్ మీదో ఎక్కుతుంది. ఇంకోటి వెనక పట్టీతో బిగించేది, దీని లోపల నియోప్రీన్ బూటీ ఉండాల్సిందే. నియోప్రీన్ అంటే లోపల గాలి బుడగలున్న మెత్తటి రబ్బరు, నీళ్ళలో తేలుతుంది. అడుగున సోలు ఉన్న బూటీ కొంటే నడకకూ ఈతకూ అదే సరిపోతుంది. రెండు పనులూ చేసే జత ఏదైనా ఉందంటే అదొక్కటే. కాకపోతే ఖర్చు ఎక్కువ, సూట్‌కేసులో చోటూ ఎక్కువ. వెచ్చటి నీళ్ళలో వెళ్ళేవాళ్ళకు మూసిన రకం, లోపల ఒకటి రెండు మిల్లీమీటర్ల సాక్స్ చాలు.

ఫిన్స్ వేసుకున్నాక కాలు పైకెత్తి అటూ ఇటూ ఊపండి. మడమ కదిలితే అది కరుస్తుంది. వేళ్ళు కదలకపోతే నీళ్ళలో పిక్క పట్టేస్తుంది. మా అమ్మాయికి ఒక చోట అద్దెకిచ్చిన ఫిన్స్‌కి మడమ దగ్గర రబ్బరు ఎండి పగిలి ఉంది. పావుగంటలో రూపాయి బిళ్ళంత బొబ్బ వచ్చింది. అప్పుడు పల్చటి సాక్స్ ఒక్కటి ఉండుంటే ఆ బొబ్బ వచ్చేది కాదు. అందుకే సొంత ఫిన్స్ కొనకపోయినా సాక్స్ మాత్రం మీవే పట్టుకెళ్ళండి. అద్దె ఫిన్స్ ఇచ్చినప్పుడు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి, ఇసుక ఉంటే కడిగించుకోండి. వేసుకునేది నడుము లోతు నీళ్ళలో నిలబడో, పడవ అంచు మీద కూర్చునో. ఒడ్డున వేసుకుని నడిచి పోవద్దు, తప్పదంటే వెనక్కి వెనక్కి నడవండి.

కొన్న జతను నేరుగా ద్వీపానికి తీసుకెళ్ళొద్దు. వారం ముందు ఇంట్లో బకెట్‌లో నీళ్ళు పోసి, షూస్ వేసుకుని పది నిమిషాలు కాళ్ళు ముంచి కూర్చోండి. తర్వాత తడి కాళ్ళతో మేడ మెట్లు ఐదారుసార్లు ఎక్కి దిగండి. ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడే తెలిసిపోతుంది. వీలైతే ఒక సాయంత్రం మైపాడు పోండి. మన తీరంలో అలలు ఎక్కువ, నీళ్ళు మట్టిరంగు, స్నార్కెలింగ్ కుదరదు గానీ ఇసుక పరీక్షకు అంతకంటే మంచి చోటు లేదు. ఒంగోలు వాళ్ళకు కొత్తపట్నం ఉంది. చీలమండ లోతు దాటి పోకుండా ఓ రెండు వందల అడుగులు నడిచి, షూ విప్పి చూడండి. లోపల చెంచాడు ఇసుక చేరి ఉంటే మడమ దగ్గర వదులున్నట్టే. షాపుకి తెచ్చి మార్చుకోవచ్చు.

ఎంత మంచి షూ ఉన్నా పగడం మీద నిలబడటానికి కాదు అది. అలిసిపోతే బోర్లా తేలండి, లైఫ్ జాకెట్ ఉన్నది అందుకే. గుండ్రాయిలా ఉండే పగడం ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లు. మన ఒక్క అడుగుకి విరిగిన ముక్క మళ్ళీ అంతవ్వడానికి ఏళ్ళు పడతాయి. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్కనైనా సంచిలో వేసుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు పులికి ఉన్న రక్షణే ఉంది, కేసు అవుతుంది. పైగా రాళ్ళ మధ్య ముళ్ళ బంతిలా ఉండే సీ అర్చిన్ ఉండొచ్చు, రాయిలాగే కనపడే స్టోన్ ఫిష్ ఉండొచ్చు. దాని వెన్ను ముల్లు పల్చటి సోలును దాటుకుని దిగుతుంది. ఇసుకలో నడిచేటప్పుడు కాలు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ పోతే అడుగున పడుకున్న, తోకకు ముల్లుండే టేకు చేప అలికిడికి తప్పుకుంటుంది. చేపలు పట్టేవాళ్ళకు తెలిసిన నడక ఇదే.

గీసుకుంటే వెంటనే మంచినీళ్ళతో, సబ్బుతో బాగా కడగండి. సముద్రపు నీళ్ళతో కడిగి ఊరుకోవద్దు. చేప ముల్లు గుచ్చుకుని నొప్పి పైకి పాకుతుంటే, పక్కవాళ్ళు చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు ఉంచి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. షుగర్ ఉన్నవాళ్ళు రోజూ రాత్రి అరికాళ్ళు ఇంకొకరి చేత చూపించుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి గాయం తగిలినా తెలియదు. అట్లాంటి వాళ్ళు ఒడ్డున కూడా ఉత్త కాళ్ళతో తిరగొద్దు.

తిరిగి వచ్చాక, కుదిరితే రూములోనే ఆ రాత్రే, షూస్‌ని మంచినీళ్ళలో అరగంట నానబెట్టి పిండకుండా నీడలో తలకిందులుగా ఆరబెట్టండి. ఎండలో పెడితే నియోప్రీన్ బిరుసెక్కి పగులుతుంది. మా ఆవిడకు తర్వాత కొనిచ్చిన వాటర్ షూస్ రెండు ట్రిప్పులు తిరిగొచ్చాయి. మొన్న బయటికి తీస్తే ఎడమదానికి మడమ దగ్గర కుట్టు వదిలి ఉంది. షాపు మెట్ల పక్కన కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయనకిచ్చి, నూలు దారం ఉప్పునీటికి చివికిపోతుందని నైలాన్ దారంతో రెండు వరసలు వేయించాను.