న్యూయార్క్ వంతెనల పాత ఫోటో ఏ సంవత్సరానిదో గుర్తించడం ఎలా?

తేదీ లేని పాత న్యూయార్క్ ఫోటో దొరికినప్పుడు చాలామంది అందులోని దుస్తులను, బండ్లను చూసి కాలాన్ని అంచనా వేస్తారు. ఆ అంచనా పదేళ్లు అటో ఇటో పోవడం మామూలే. మన్‌హటన్‌కూ బ్రూక్లిన్, క్వీన్స్‌లకూ మధ్య పారే ఈస్ట్ నది మీది వంతెనలు ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తయ్యాయో మాత్రం రికార్డుల్లో ఉంది కాబట్టి, పని వాటితోనే మొదలుపెట్టడం మేలు.

ముందుగా వీలైనంత పెద్ద స్కాన్ సంపాదించండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, న్యూయార్క్ మునిసిపల్ ఆర్కైవ్స్ తమ పాత ఫోటోలను ఆన్‌లైన్‌లో చూపిస్తున్నాయి. ఫోటోను పెద్దది చేసి దుకాణాల బోర్డుల మీది అక్షరాలు సరిగా చదవడానికి వస్తున్నాయో లేదో చూడండి. నెగెటివ్‌ను తిరగేసి ముద్రిస్తే కుడి ఎడమలు తారుమారై, ఆపైన మీరు వేసే ప్రతి లెక్కా తప్పుతుంది.

తరువాత అది ఏ వంతెనో తేల్చుకోవాలి. రాతి టవర్లు, ఒక్కో టవర్‌లో కోసుగా పైకి లేచిన రెండు కమానులు, టవర్ పైనుంచి విసనకర్రలా ఏటవాలుగా దిగే తీగలు ఉంటే అది బ్రూక్లిన్ వంతెన (1883). దాని తరువాత వచ్చిన మూడింటి టవర్లు ఉక్కువి. విలియమ్స్‌బర్గ్ వంతెన 1903లో, క్వీన్స్‌బరో, మన్‌హటన్ వంతెనలు రెండూ 1909లో తెరుచుకున్నాయి. వీటిలో క్వీన్స్‌బరో వేలాడే వంతెన కాదు గనుక దాన్ని పోల్చుకోవడం కష్టం కాదు.

అసలు జాగ్రత్త అవసరమయ్యేది ఇక్కడే. ప్రారంభోత్సవం జరిగిన సంవత్సరమూ, కట్టడం కంటికి కనిపించడం మొదలైన సంవత్సరమూ ఒకటి కావు. బ్రూక్లిన్ వంతెన టవర్లు రెండూ 1876 నాటికే నదికి ఇరువైపులా నిలిచాయి. ఆ ఏడాదే జాషువా బీల్ అనే ఫోటోగ్రాఫర్ బ్రూక్లిన్ వైపు టవర్ ఎక్కి, మన్‌హటన్‌ను వరుస ఫోటోలుగా తీశాడు. కాబట్టి టవర్లు ఉండి వాటి మధ్య తీగలు గానీ దారి గానీ లేకపోతే ఆ ఫోటో 1883 కంటే చాలా ముందుదని అర్థం. మన్‌హటన్ వంతెన టవర్లు లేచినా దారి పూర్తి కాకుండా కనిపిస్తే అది 1909 డిసెంబరు 31కి ముందుది. హడ్సన్ నది మీది జార్జ్ వాషింగ్టన్ వంతెన 1931లో ఒకే అంతస్తుతో తెరుచుకుంది, కింది అంతస్తు 1962లో వచ్చింది. ఆ వంతెన ఫోటోలకు ఈ ఒక్క తేడా చాలు.

వంతెనతో వచ్చిన గడువును భవనాలతో కుదించండి. సింగర్ టవర్ 1908లో పూర్తయింది, ఊల్‌వర్త్ భవనం 1913లో తెరుచుకుంది, క్రైస్లర్ 1930లో, ఎంపైర్ స్టేట్ 1931లో వచ్చాయి. లేని భవనం కూడా ఉన్న భవనమంత పనికొస్తుంది: బ్రూక్లిన్ వైపు నుంచి తీసిన ఫోటోలో సింగర్ టవర్ పూర్తిగా నిలబడి, ఊల్‌వర్త్ ఉక్కు చట్రం కూడా ఎక్కడా లేకపోతే, దాని కాలం 1908కీ 1912కీ మధ్య పడుతుంది. అయితే ఊల్‌వర్త్ నిజంగానే లేదో, మరో భవనం వెనుక దాగిందో ముందు రూఢి చేసుకోండి. కూల్చివేతలూ ఇలాగే గడువు పెడతాయి. సింగర్ టవర్‌ను 1960ల చివర్లో పడగొట్టారు. బ్రూక్లిన్ వంతెన మీద ఎలివేటెడ్ రైళ్లు (వీధులకు పైన, స్తంభాల మీది పట్టాలపై నడిచేవి) 1944 వరకు, ట్రామ్‌లు 1950 వరకు నడిచాయి.

పోస్టుకార్డయితే వెనక్కి తిప్పి చూడండి. చిరునామాకు, ఉత్తరానికి వేర్వేరు భాగాలుంటే ఆ అమెరికన్ కార్డు ముద్రణ 1907 తరువాతిదే. ఫోటో మాత్రం అంతకంటే పాతది కావచ్చు, ఎందుకంటే ముద్రాపకులు ఒకే బొమ్మను ఏళ్ల తరబడి అమ్మేవారు. పగటి ఫోటోకు చందమామను అతికించి రాత్రి దృశ్యంగా అమ్మిన ఘనులూ ఉన్నారు.

చివరగా తేదీ ఉన్న ఫోటోలతో సరిపోల్చండి. నగర వంతెనల శాఖ కోసం యూజీన్ డి సాలినాక్ 1906 నుంచి 1934 దాకా తీసిన వేలాది నెగెటివ్‌లు మునిసిపల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బ్రూక్లిన్ వంతెన తీగల మీద రంగులేసేవారు వరుసగా నిలిచిన ప్రసిద్ధ ఫోటో ఆయన 1914 అక్టోబరు 7న తీసినదే. తేలిన ఫలితాన్ని “సుమారు 1910” అని కాకుండా “1908–1912, సింగర్ ఉంది, ఊల్‌వర్త్ లేదు” అని కారణంతో సహా రాసిపెట్టండి.