బ్రౌన్‌స్టోన్ ఇంట్లో ఏది ఎందుకు పాడవుతుంది, ఏం చేయాలి

న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని బ్రూక్లిన్ హైట్స్, పార్క్ స్లోప్, ఫోర్ట్ గ్రీన్, బెడ్-స్టై (బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్) వీధుల్లో వరసగా అంటుకుని ఉండే గోధుమరంగు రాతి ఇళ్ళను బ్రౌన్‌స్టోన్లు అంటారు, వాటిలో ఎక్కువ భాగం 1840ల నుంచి 1890ల మధ్య కట్టినవే. హడ్సన్ నది అవతల జెర్సీ సిటీలోనూ వాన్ వోర్స్ట్ పార్క్, హామిల్టన్ పార్క్ చుట్టూ ఇలాంటివే ఉన్నాయి. ఉద్యోగానికి ఆ ఊళ్ళలో దిగిన మనవాళ్ళు ఎత్తైన పైకప్పు, చెక్కడాల తలుపులు చూసి ముచ్చటపడి చేరతారు. చలికాలం వచ్చేసరికి ఫోన్లు మొదలు. ఏ సమస్య వచ్చినా రెండు విషయాలు ముందు చూడండి: నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, అంతకుముందు అక్కడ ఎవరు ఏం రిపేరు చేశారు. చాలా రోగాలకు మూలం ఈ రెండింట్లోనే దొరుకుతుంది. కింద చెప్పిన చట్టాలు న్యూయార్క్ నగరానివి. జెర్సీ సిటీకి చారిత్రక కట్టడాల కమిషన్ వేరు, నియమాలు వేరు.

ముందు మెట్లు, కిటికీ అంచుల రాయి పెచ్చులూడుతోంది

కారణం: ఇది రాతి ఇల్లు కాదు, ఇటుక ఇల్లు. ముఖానికి మాత్రం నాలుగైదు అంగుళాల మందాన ఇసుకరాయి పలక తొడిగారు. ఆ రాయి చాలావరకు కనెక్టికట్‌లోని పోర్ట్‌లాండ్ క్వారీలది, కొంత న్యూజెర్సీది. ఇసుక పొరలు పొరలుగా పేరుకుని రాయైంది కాబట్టి నేలలో ఎలా పడుకుని ఉందో గోడలోనూ అలాగే పేర్చాలి. తొందరపడి కట్టినవాళ్ళు పలకల్ని కోసి నిలబెట్టేశారు. పొరల మధ్యకు నీళ్ళు చేరి, గడ్డకట్టి, మళ్ళీ కరిగేసరికి మడత కాజా విడిపోయినట్టు రాయి విడిపోతుంది. మెట్ల మీద మంచుకు చల్లే మామూలు ఉప్పు ఈ పనిని ఇంకా వేగంగా చేస్తుంది.

పరిష్కారం: వాటర్‌ప్రూఫ్ సీలర్ పూయమని ఎవరన్నా చెబితే వినకండి. బయటి వాన ఆగుతుందేమో గానీ లోపల చేరిన చెమ్మ బయటపడే దారి మూసుకుపోయి, పెచ్చు ఇంకా మందంగా ఊడుతుంది. మంచి మేస్త్రీ ముందు వేలి కణుపుతోనో చిన్న సుత్తితోనో రాయిని అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతాడు. ఖంగుమంటే గట్టిరాయి, డొల్లగా పలికితే లోపల పొర విడిపోయినట్టు. డొల్లగా ఉన్నదంతా గట్టిరాయి తగిలేదాకా చెక్కేసి, పట్టు కోసం చిన్న రంధ్రాలు చేసి, రెండు మూడు గరుకు పూతలు వేసి, చివర రాతిపొడి కలిపిన రంగు పూత వేస్తారు. ప్రతి పూతా ఆరాకే పైది. ఒక్క రోజులో ముగిస్తానన్నవాణ్ణి పంపించేయండి. చలిలో ఈ పని నిలవదు, వసంతం దాకా ఆగండి. అసలు రాయే కావాలంటే కష్టం. పోర్ట్‌లాండ్ క్వారీలు 1930లలో వరదలకు మునిగి మూతపడ్డాయి. తర్వాత 1990లలో ఒకటి మళ్ళీ తెరిచినా 2012లో అదీ ఆగిపోయింది. మంచు రోజుల్లో మామూలు ఉప్పు బదులు కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్ అడిగి కొనండి. ధర ఎక్కువే, మెట్ల రిపేరు ముందు అది ఎక్కువ కాదు.

వెనక ఇటుక గోడకు లోపల చెమ్మ, తెల్లటి ఉప్పు

కారణం: అప్పట్లో ఇటుకల మధ్య సున్నం, ఇసుక పెట్టారు. చెమ్మ ఆ సున్నంలోంచి ఆరిపోయేది. తర్వాత ఎవరో సందులన్నీ గట్టి సిమెంటుతో నింపి ఉంటారు. ఇప్పుడు చెమ్మకు ఇటుక తప్ప దారి లేదు, అందుకే ఇటుక ముఖమే రాలిపోతోంది. పరిష్కారం: ముందు పైన కప్పు నీళ్ళు దిగే గొట్టం, గోడ తలకట్టు చూపించండి. తర్వాత సిమెంటు తీయించి సున్నం ఎక్కువున్న మెత్తటి మిశ్రమంతో సందులు నింపించండి. ఇటుక కన్నా సందు మెత్తగా ఉండాలి, అంతే.

అర్ధరాత్రి రేడియేటర్ సుత్తి దెబ్బల్లా మోగుతోంది

కారణం: చాలా ఇళ్ళలో ఆవిరి వెళ్ళే గొట్టమూ, చల్లబడ్డ నీళ్ళు తిరిగొచ్చే గొట్టమూ ఒకటే. నేల కుంగి రేడియేటర్ అటు వాలితే నీళ్ళు లోపలే నిలుస్తాయి. వేగంగా వచ్చే ఆవిరి ఆ నీళ్ళను ఎత్తి ఇనుముకేసి కొడుతుంది. వేడి తగ్గిద్దామని వాల్వును సగం తిప్పి వదిలేసినా ఇదే జరుగుతుంది.

పరిష్కారం: వాల్వు పూర్తిగా తెరవండి లేదా పూర్తిగా మూయండి, మధ్యలో వద్దు. రేడియేటర్ పైన లెవెల్ (మేస్త్రీలు వాలు చూసే మట్టం) పెట్టి చూడండి. వాల్వు వైపు కొద్దిగా వాలి ఉండాలి. లేకపోతే చల్లారాక అవతలి కాళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టండి, రెండు పావు డాలరు నాణేలు సరిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. ఇక వాల్వుకు ఎదురు చివర ఉండే చిన్న గాలి వెంట్ మొదట్లో కాసేపు బుసకొట్టి ఆగిపోతే బాగున్నట్టే. నీళ్ళు కక్కినా, రేడియేటర్ సగమే వేడెక్కినా దాన్ని మార్చాలి. అది చవక సామానే. ఇల్లంతా మోగుతుంటే మాత్రం లోపం బాయిలర్లో ఉంది. ఆవిరి ప్రెజర్ రెండు పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) లోపే చాలు, ఎవరో పెంచి ఉంటారు.

అసలు వేడే రాకపోతే సర్దుకుపోకండి. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా ఓనర్ వేడి ఇవ్వాల్సిందే. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి. రాత్రి బయట ఎంతున్నా లోపల 62 తగ్గకూడదు. థర్మామీటర్ పక్కన గడియారం పెట్టి ఫొటో తీసి, ఓనర్‌కు మెసేజ్ పెట్టి, కదలకపోతే నగర ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి. మనవాళ్ళు "పాపం ముసలాయన, ఏమంటాం" అని జనవరంతా స్వెటర్లలో గడిపేస్తారు. మొహమాటానికి పోవద్దు.

పైకప్పు గార ఉబ్బింది

సన్నని చెక్క బద్దల సందుల్లోంచి పైకి పొంగి గట్టిపడ్డ గారే ఆ కప్పును పట్టుకుని ఉంటుంది. పై బాత్రూమ్ నీళ్ళు కారితే ఆ పట్టు విరుగుతుంది. అరచేత్తో మెల్లగా నొక్కండి. కదిలితే పట్టు పోయినట్టే. ముందు లీకు ఆపించి, తర్వాత చిల్లుల వాషర్లతో బద్దలకు స్క్రూలు బిగించి పైన గార పూస్తే చాలాసార్లు పాత కప్పే నిలుస్తుంది. అంగుళం పైన జారితే మాత్రం ఆ కింద మంచం వేయకండి.

మన తాలింపు పక్కింటికి, వాళ్ళ సిగరెట్టు మనింటికి

కారణం: రెండిళ్ళకూ మధ్యగోడ ఒకటే. రెండు వైపుల దూలాల చివర్లూ ఆ గోడ గూళ్ళలోనే కూర్చుంటాయి. వాడని పొగగొట్టాలూ అందులోనే ఉంటాయి. ఇంగువ వాసనకు ఇంతకన్నా మంచి దారేం కావాలి? పొయ్యి మీది హుడ్డు ఏమో గాలిని జల్లించి మళ్ళీ గదిలోకే వదిలే రకం.

పరిష్కారం: వాడని ఫైర్‌ప్లేస్ గొట్టంలో గాలి నింపే బెలూన్ పెట్టండి. నేల పలకలు తీసే సందర్భం వస్తే దూలాల గూళ్ళ సందులు సున్నంతో మూయించండి. వాడుకలో ఉన్న బాయిలర్ పొగగొట్టం మాత్రం ముట్టుకోకండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా ఉండాలి. హుడ్డును బయటికి పెట్టించాలంటే వెనక గోడ నుంచే. దానికీ అనుమతి కావాలి, చివర చెబుతాను. బజ్జీల నూనె సింకులో పోయకండి. ఆ పాత ఇనుప గొట్టాలు ఇప్పటికే లోపల సగం పూడుకుని ఉంటాయి.

బేస్‌మెంట్లో మురుగు వాసన, వాన పడితే నీళ్ళు పైకి

వాసన ఒక్కటే అయితే నేలలోని డ్రెయిన్ ఎండిపోయి ఉండొచ్చు. బకెట్ నీళ్ళు పోసి, పైన చెంచాడు వంటనూనె వేస్తే త్వరగా ఆరిపోదు. నీళ్ళే తన్నుకొస్తే వేరే కథ. ఈ పేటల్లో మురుగూ వాననీరూ ఒకే కాలువలో పోతాయి. 2021 సెప్టెంబర్ 1న ఐడా తుఫాను శేషంగా వచ్చిన వానకు సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో 3.15 అంగుళాలు కురిసింది. అలాంటప్పుడు కాలువ నిండి వెనక్కి తంతుంది. లైసెన్సున్న ప్లంబర్‌తో బ్యాక్‌వాటర్ వాల్వు (కాలువ నీళ్ళు వెనక్కి రాకుండా మూసుకునేది) పెట్టించండి. అది మూసుకున్నంతసేపు మీ ఇంటి నీళ్ళూ బయటికి పోవు కాబట్టి జోరువానలో పైన స్నానాలు, వాషింగ్ మెషీన్ ఆపాలి. ఇది అందరూ మర్చిపోతారు. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో మురుగు వెనక్కి రావడం ఉండదు, విడిగా చేర్పించాలి.

కిటికీ తెరిచి మూస్తే అంచున రంగు పొడి

ఇంట్లో ఆరేళ్ళ లోపు పిల్లలుంటే అన్నిటికన్నా ముందు దీన్నే చూడండి. న్యూయార్క్‌లో సీసం రంగులు 1960లో నిషేధించారు. అంతకు ముందటి పూతలు కిటికీ రాపిడికి పొడై రాలుతాయి. పొడి చీపురుతో ఊడ్చకండి, గీకకండి, తడి గుడ్డతో తుడిచి పారేయండి. ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని ఓనర్ ప్రతి జనవరిలో అడిగే కాగితం నింపి ఇచ్చి తీరాలి. సీసం తొలగించే బాధ్యత ఆయనదే. పిల్లలకు ఏడాది వయసులోనూ, రెండేళ్ళ వయసులోనూ రక్తంలో సీసం పరీక్ష న్యూయార్క్ రాష్ట్రంలో తప్పనిసరి.

నేల వాలింది, గోడకు నెర్రె

గోళీ వదిలితే దొర్లిపోవడం ఇక్కడ మామూలే, దానికి కంగారు వద్దు. నెర్రె చివర పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాయండి. గీత దాటితే ఇంజనీరును పిలవండి, కాంట్రాక్టర్‌ను కాదు. "హాలు విశాలంగా" కోసం మెట్ల పక్క గోడ ఎవరో తీసేశారా అన్నది మొదటి అనుమానం. పక్కింట్లో బేస్‌మెంట్ తవ్వుతుంటే రెండోది అదే. తవ్వకముందే మీ గోడలన్నీ ఫొటోలు తీసుకోండి. చారిత్రక కట్టడానికి 90 అడుగుల లోపు అలాంటి పని జరిగితే కదలికలు కొలిచే ఏర్పాటు ఉండాలి. దాన్ని రాతపూర్వకంగా అడగండి.

కిటికీ మార్చాను, నోటీసు వచ్చింది

నగరంలో చారిత్రక కట్టడాలను కాపాడే ల్యాండ్‌మార్క్స్ చట్టం 1965లో వచ్చింది. అదే ఏడాది బ్రూక్లిన్ హైట్స్ తొలి చారిత్రక పేట అయింది. అలాంటి పేటలో ఇంటి బయట మార్పు ఏదైనా, వెనక గోడకు రంధ్రమైనా, ల్యాండ్‌మార్క్స్ కమిషన్ పర్మిట్ ముందు కావాలి. పగిలిన అద్దం మార్చడానికి, ఉన్న రంగే మళ్ళీ వేయడానికి, సందుల్లో సీలెంట్ పెట్టడానికి అక్కర్లేదు. చలిగాలి సమస్యకు పాత కిటికీ పీకనవసరం లేదు. తాళ్ళు, అంచులు బాగు చేయించి, లోపలివైపు రెండో అద్దం బిగిస్తే చాలు. నోటీసు వచ్చాక దాచుకుంటే సమస్య పెరుగుతుంది. వెంటనే కమిషన్ వాళ్ళతో మాట్లాడి, సరిదిద్దే పనికి పర్మిట్ పెట్టండి. ఇల్లు కొనేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాత ఓనర్ చేసిన ఉల్లంఘన ఇంటితోపాటే మీకు వస్తుంది, అది తేలేదాకా కొత్త పర్మిట్లు కష్టం. సంతకానికి ముందే లాయర్‌తో ఆ చిరునామా మీద ఉల్లంఘనలున్నాయేమో వెతికించండి.