కింది లీగ్‌లో టీమ్ కడుతుంటే ఎక్కడ చెడుతుంది? ఫుట్‌బాల్ మేనేజర్ ఆడేవాళ్లకు సమస్య - పరిష్కారం

ఇంగ్లండ్‌లో ఆరో అంచె, అంటే నేషనల్ లీగ్ నార్త్. ఫుట్‌బాల్ మేనేజర్ 2024 (ఎఫ్‌ఎం 24) అనే కంప్యూటర్ గేమ్‌లో అక్కడ ఒక క్లబ్‌ని తీసుకుని నవంబర్ దాటకుండానే ఉద్యోగం పోగొట్టుకున్నాను. కొన్నాళ్లు అలిగి, మళ్లీ అదే క్లబ్‌తో కొత్త సేవ్, అంటే మొదటినుంచి కొత్త ఆట, మొదలుపెట్టాను. ఈసారి మూడు సీజన్లలో రెండు మెట్లు ఎక్కాం. రెండుసార్లూ ఆడింది అదే 4-4-2. టాక్టిక్‌లో మార్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందుకే చెప్తున్నాను. ఓడిపోగానే మన చెయ్యి ముందు టాక్టిక్ స్క్రీన్ మీదికే పోతుంది. కింది లీగుల్లో అది ఆఖరున ముట్టుకోవాల్సిన చోటు. గోల్ పడేది మైదానంలోనే అయినా తప్పు చాలాసార్లు జూలైలో మనం రాసిన కాంట్రాక్టుల్లో ఉంటుంది. కింద చెప్పిన మెనూ పేర్లన్నీ ఎఫ్‌ఎం 24 ప్రకారం.

కొత్తవాళ్లు పది మంది వచ్చారు, వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడాం

ముందు డైనమిక్స్ తెరవండి. టీమ్ కోహెషన్, అంటే జట్టు ఐకమత్యం, అడుగున ఉందా? తర్వాత టాక్టిక్స్‌లో ఫెమిలియారిటీ (మీ పద్ధతి ఎంత అలవాటైందో చూపే) గీత చూడండి. సగం కూడా నిండలేదా? రెండింటికీ జవాబు అవునైతే ఫార్మేషన్‌లో తప్పు వెతకొద్దు. ఆటగాళ్లకి ఒకరితో ఒకరికి పరిచయం లేదు, మీ పద్ధతి ఇంకా ఒంటబట్టలేదు, అంతే.

నా మొదటి సేవ్‌లో జరిగింది ఇదే. ఒక్క జూలైలో పదకొండు మందిని తెచ్చాను. పాత కెప్టెన్‌ని పంపించేశాను. వయసు 34, పరుగు లేదు, స్టార్లు ఒకటిన్నర. కాగితం మీద చూస్తే సరైన పనే. కానీ హైరార్కీలో, అంటే డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరి మాటకి ఎంత విలువో చూపే జాబితాలో, అతను టీమ్ లీడర్ అన్న సంగతి నేను చూసుకోలేదు. అతను వెళ్లగానే పాతవాళ్లలో నలుగురు ముఖం మాడ్చుకున్నారు. కొత్తవాళ్లేమో ఎవరి గుంపు వాళ్లదే. డ్రెస్సింగ్ రూమ్‌లో పెద్దదిక్కు లేకుండా పోయింది.

ఒక ట్రాన్స్‌ఫర్ విండోలో (ఆటగాళ్లని మార్చుకునే గడువులో) ఐదారుగురికి మించి మార్చకపోవడం మంచిది. ముందు వెన్నెముక చూసుకోండి: గోల్‌కీపర్, ఒక సెంటర్ బ్యాక్, నడిమి మైదానంలో పరిగెత్తేవాడు, స్ట్రైకర్. మిగతా చోట్ల పాతవాళ్లతోనే ఒక ఏడాది నెట్టుకురండి. ఎవరినైనా పంపేముందు హైరార్కీలో అతని స్థానం చూడండి. టీమ్ లీడర్ అయితే ఆడకపోయినా ఈ ఏడాదికి ఉంచండి, ఆ జీతం దండగేమీ కాదు.

ఇప్పటికే పదిమందిని తెచ్చేసి ఉంటే దారి ఇది. మూడు టాక్టిక్ స్లాట్లలో ఒక్కటే ఉంచి మిగతావి తీసేయండి. ట్రైనింగ్‌లో టీమ్ బాండింగ్ తరచూ పెట్టండి, మ్యాచ్ ముందు టీమ్‌వర్క్, మ్యాచ్ టాక్టిక్స్ సెషన్లు వేయండి. ప్రీ సీజన్‌లో పేరున్న టీమ్‌తో తలపడి నాలుగు గోల్స్ తినకండి. మనకంటే రెండు మెట్లు కిందున్న క్లబ్బులతో ఆడి గెలవండి, మొరేల్ లేస్తుంది. పెద్ద క్లబ్‌తో ఒక్కటంటే ఒక్క ఫ్రెండ్లీ, అదీ మన మైదానంలో, గేట్ డబ్బుల కోసం. ఆపైన రెండు నెలలు ఓపిక పట్టండి. మధ్యలో ఫార్మేషన్ మార్చారా, పోగుచేసుకున్న ఫెమిలియారిటీలో కొంత మళ్లీ గంగలో కలుస్తుంది.

ఐదు స్టార్ల ఆటగాడిని తెచ్చాం, పది మ్యాచ్‌లైనా తేలడం లేదు

ఆ స్టార్లు ఎవరిచ్చారు, ఎవరితో పోల్చి ఇచ్చారు? కారణం అక్కడే ఉంది. ఆట లోపల ఒక్కొక్క ఆటగాడికి 200 వరకు ఉండే కరెంట్ ఎబిలిటీ, పొటెన్షియల్ ఎబిలిటీ అనే అంకెలుంటాయి కానీ అవి మనకి కనిపించవు. మనకి కనిపించే స్టార్లు మన స్టాఫ్ అభిప్రాయం మాత్రమే. అదీ మన టీమ్‌లో ఉన్నవాళ్లతో పోల్చి చెప్పేది. టీమ్ అంతా నాసిగా ఉంటే ఓ మోస్తరు ఆటగాడు కూడా ఐదు స్టార్లతో వెలిగిపోతాడు. పైగా చెప్పే స్కౌట్‌కి జడ్జింగ్ ప్లేయర్ ఎబిలిటీ ఆరో ఏడో ఉంటే ఆ మాటకి విలువెంత?

స్టార్లు వదిలేసి 1 నుంచి 20 వరకు ఉండే అట్రిబ్యూట్లు చదవండి. కింది లీగుల్లో టెక్నిక్ కంటే కాళ్లు ముఖ్యం. వింగర్‌కీ స్ట్రైకర్‌కీ పేస్, యాక్సిలరేషన్. సెంటర్ బ్యాక్‌కి జంపింగ్ రీచ్, బ్రేవరీ. అందరికీ వర్క్ రేట్, డిటర్మినేషన్. ఆరో అంచెలో ఇవి 12, 13 ఉంటే నేను కళ్లకద్దుకుంటాను, పాసింగ్ 7 ఉన్నా పట్టించుకోను. ఇంకో మాట, కన్సిస్టెన్సీ, ఇంజ్యురీ ప్రోన్‌నెస్ లాంటివి తెర మీద కనిపించవు, స్కౌట్ రిపోర్టులో మంచీ చెడూ రాసే చోట సూచనగా వస్తాయి. ఆ వాక్యాలు చదవకుండా సంతకం పెట్టించొద్దు. తెచ్చేశాక తెలిస్తే చేసేదేమీ లేదు, జనవరిలో లోన్‌కి, అంటే కొన్నాళ్లు వేరే క్లబ్‌కి అరువుగా, పంపడమే.

డెబ్బై నిమిషాల దాకా మనదే ఆట, తర్వాత గోల్స్ పడిపోతున్నాయి

టెంప్లేట్‌లో గెగెన్‌ప్రెస్ (బంతి పోగానే అందరూ మీదపడి లాక్కునే పద్ధతి) ఎంచుకున్నారు కదా? టీవీలో పెద్ద క్లబ్బులు ఆడినట్టు మనమూ ఆడాలని అందరికీ ఉంటుంది. కానీ ఈ అంచెలో చాలా క్లబ్బులు పార్ట్ టైమ్. ఆటగాళ్లు పగలు వేరే ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కి వచ్చే రకం. ట్రైనింగ్ సెషన్లు తక్కువ, స్టామినా తక్కువ. లీగ్‌లో 24 టీమ్‌లు, అంటే 46 మ్యాచ్‌లు. పైన ఎఫ్‌ఏ కప్, ఎఫ్‌ఏ ట్రోఫీ అనే నాకౌట్ పోటీలు. శనివారం ఆడి మళ్లీ మంగళవారం రాత్రి ఆడాలి.

మ్యాచ్ నడుస్తుండగా ఆటగాడి పక్కన ఉండే గుండె బొమ్మల రంగు 60వ నిమిషం దగ్గర చూడండి. ముగ్గురు నలుగురివి నారింజలోకి దిగితే అనుమానం అక్కర్లేదు. ప్రెసింగ్‌ని ఒక మెట్టు తగ్గించండి, డిఫెన్సివ్ లైన్ కొంచెం వెనక్కి లాగండి. మొదటి మార్పు 60కి, రెండోది 70కి చేయండి. 85 దాకా ఆగితే మార్చినా ఒకటే, మార్చకున్నా ఒకటే. మంగళవారం మ్యాచ్ ఉన్న వారంలో ముగ్గురినైనా మార్చి ఆడించండి. ట్రైనింగ్‌లో రెస్ట్ టిక్ ఎడాపెడా వాడండి, తప్పులేదు.

అన్నీ చేసినా 88లో గోల్ పడుతుంటే ఏ రూపంలో పడిందో రీప్లే చూడండి. కార్నర్ అయితే అది అలసట కాదు, సెట్ పీస్ మార్కింగ్. పొడుగువాళ్లని దగ్గరి పోస్ట్ దగ్గర నిలబెట్టి చూడండి.

ఇరవై షాట్లు కొట్టాం, గోల్ లేదు

డేటా హబ్‌లో షాట్ మ్యాప్ తెరిస్తే సగం జవాబు దొరుకుతుంది. చుక్కలన్నీ పెనాల్టీ బాక్స్ బయటే ఉన్నాయా? ఇరవై షాట్లకి ఎక్స్‌జీ (ఆ అవకాశాలకి రావాల్సిన గోల్స్ అంచనా) ఒకటి కూడా దాటలేదా? అయితే అవి అవకాశాలు కావు, ఆశలు. వర్క్ బాల్ ఇన్‌టు బాక్స్ పెట్టండి, దూరం నుంచి కొట్టే మిడ్‌ఫీల్డర్‌కి షూట్ లెస్ ఆఫెన్ ఇవ్వండి. ఎక్స్‌జీ రెండు దాటుతున్నా గోల్స్ రాకపోతే మూడు నాలుగు మ్యాచ్‌ల వరకు ఏమీ చేయకండి, దురదృష్టం కూడా ఆటలో భాగమే. అప్పటికీ అంతే అయితే స్ట్రైకర్ కంపోజర్, ఫినిషింగ్ చూసి బెంచీ మీదివాడికి అవకాశమివ్వండి.

ఎవర్నడిగినా రానంటున్నారు

క్లబ్ పేరు చిన్నది, పార్ట్ టైమ్ జీతం, వాళ్లు ఎందుకొస్తారు? తప్పు అడిగే సమయంలో ఉంది. జూన్ 30తో ఇంగ్లండ్‌లో కాంట్రాక్టులు ముగుస్తాయి. పై క్లబ్బుల అకాడమీల నుంచి 18, 19 ఏళ్ల కుర్రాళ్లు పెద్ద సంఖ్యలో బయటికొస్తారు. జూలై మొదటి వారంలో వాళ్ల ఆశలు ఆకాశంలో ఉంటాయి. ఆగస్టు వచ్చేసరికి అదే కుర్రాడు మీ మాట వింటాడు. సంత ముగిసే వేళకి కూరగాయల ధర దిగినట్టే.

అప్పటిదాకా ట్రయల్‌కి పిలవండి. ట్రయల్‌లో ఉన్నవాళ్ల అట్రిబ్యూట్లు స్కౌట్ ఖర్చు లేకుండా తేటతెల్లమవుతాయి, ఫ్రెండ్లీల్లో ఆడించీ చూసుకోవచ్చు. నేను ఒక వేసవిలో ఇరవై మందిని పిలిచి ముగ్గురిని ఉంచుకున్నాను. వాళ్లలో ఒక లెఫ్ట్ బ్యాక్ మూడేళ్లూ మాతోనే ఉన్నాడు. అలాగే సీనియర్ అఫిలియేట్ క్లబ్ (మనతో ఒప్పందం ఉండే పెద్ద క్లబ్) కావాలని బోర్డుని అడగండి. ఒప్పుకుంటే కుర్రాళ్లు లోన్‌కి వస్తారు. ఒప్పుకోకపోతే ఆరు నెలలాగి మళ్లీ అడగండి.

జీతాల బడ్జెట్ దాటింది, బోర్డు గుర్రుగా ఉంది

జీతం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టించినవాళ్లకే ఈ తిప్పలు. వారానికి 250 పౌండ్ల జీతం, మ్యాచ్‌కి 100 పౌండ్ల అప్పియరెన్స్ ఫీజు రాసుకున్నవాడు వారంలో రెండు మ్యాచ్‌లు ఆడితే 450 అవుతుంది. ఇలాంటివాళ్లు పదిహేను మంది ఉంటే చిల్లు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. దానిపైన గోల్ బోనస్, లాయల్టీ బోనస్, ఏటా పెరిగే జీతం, ప్రమోషన్ వస్తే ఇంత శాతం పెంపు. ఏజెంట్ ఈ క్లాజులు తెలివిగా దూరుస్తాడు, మనం గెలుపు సంబరంలో చూసుకోం.

ఇప్పుడు చేయగలిగింది: ట్రాన్స్‌ఫర్ బడ్జెట్ వాడకుండా ఉంటే స్లయిడర్ జరిపి జీతాల వైపు తెచ్చుకోండి. ఈ అంచెలో కొనడానికి డబ్బు ఎలాగూ పెద్దగా అక్కర్లేదు. ఆడని ముగ్గురు నలుగురితో పరస్పర ఒప్పందంతో కాంట్రాక్టు తెంచుకోండి, లేదా లోన్‌కి పంపి జీతం అవతలి క్లబ్ మీద వేయండి. ఇకపై మాట్లాడేటప్పుడు క్లాజులు ఒక్కొక్కటీ తీసేస్తూ, దానికి బదులు జీతం కాస్త పెంచుతూ పోండి. ఖర్చు ఎంతో ముందే తెలిసిపోవడం పెద్ద ఊరట.

ఆదాయం వైపు చూస్తే ఎఫ్‌ఏ కప్పే మన బంగారు బాతు. నేషనల్ లీగ్ నార్త్, సౌత్ క్లబ్బులు రెండో క్వాలిఫయింగ్ రౌండ్లో అడుగుపెడతాయి. మూడు గెలిస్తే అసలు మొదటి రౌండ్, అక్కడ లీగ్ వన్, లీగ్ టూ క్లబ్బులు కలుస్తాయి. ఇంకో రెండు గెలిస్తే మూడో రౌండ్, ప్రీమియర్ లీగ్ క్లబ్బులు వచ్చే చోటు. పెద్ద క్లబ్ మైదానంలో ఓడినా గేట్‌లో మన వాటా ఏడాది జీతాల్లో మంచి భాగం తీర్చేస్తుంది. కాబట్టి క్వాలిఫయింగ్ రౌండ్లలో కుర్రాళ్లని దింపి ప్రయోగాలు చేయకండి.

మంచి ఆటగాడు పైసా ఇవ్వకుండా వెళ్లిపోయాడు

నాన్ కాంట్రాక్ట్ మీద ఉన్నాడన్నమాట. ఆడితేనే డబ్బు, అందుకే చవక. కానీ ఏ క్లబ్ అయినా ఎప్పుడైనా ఉచితంగా పట్టుకుపోవచ్చు. మొదటి ఐదు మ్యాచ్‌లు బాగా ఆడాడంటే ఆరోదానికి ముందే సరైన కాంట్రాక్టు ఇచ్చేయండి.

రెండో స్థానంలో ఉన్నాం, అయినా పైకి వెళ్లలేదు

ఇది మీ తప్పు కాకపోవచ్చు. ఎఫ్‌ఎం 24లో ఐదో అంచె అయిన నేషనల్ లీగ్ నుంచి నేరుగా పైకి వెళ్లేది ఒక్క చాంపియనే. రెండు నుంచి ఏడు స్థానాలవాళ్లు మిగిలిన ఒక్క చోటు కోసం ప్లేఆఫ్ ఆడాలి. 2022-23లో రెక్సమ్ 111 పాయింట్లతో చాంపియన్ అయితే, నాట్స్ కౌంటీ 107 పాయింట్లు తెచ్చుకుని కూడా ప్లేఆఫ్‌లో, అదీ ఫైనల్లో పెనాల్టీల మీద బతికి బయటపడింది. ఆరో అంచె ఇంకా జిగురు. 2013లో అక్కడికి జారిన స్టాక్‌పోర్ట్ కౌంటీ మళ్లీ పైకి రావడానికి 2019 దాకా పట్టింది. మీకు రెండు సీజన్లు పట్టిందని సేవ్ డిలీట్ చేయకండి.

చేయగలిగిందల్లా, టైటిల్ చేజారిందని తెలిశాక కూడా రెండు, మూడు స్థానాలు వదలకపోవడం. వాటికి తొలి ప్లేఆఫ్ రౌండ్ ఉండదు, సెమీస్ మన మైదానంలోనే. స్థానం ఖాయమైతే చివరి రెండు లీగ్ మ్యాచ్‌ల్లో స్ట్రైకర్‌కి విశ్రాంతి ఇవ్వండి. పసుపు కార్డుల లెక్క కూడా చూసుకోండి.

ప్రమోషన్ వచ్చింది, జూలైలో చూస్తే టీమే లేదు

నా రెండో సేవ్‌లో అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. మేలో సంబరాలు. జూలై ఒకటిన స్క్వాడ్ తెరిస్తే పద్నాలుగు మంది. మొదటి పదకొండులో ఐదుగురు లోన్ కుర్రాళ్లు, వాళ్ల క్లబ్బులకి వెళ్లిపోయారు. ఇంకో నలుగురికి ఏడాది కాంట్రాక్టే, ముగిసింది. మిగిలినవాళ్లకి ప్రమోషన్ క్లాజు వల్ల జీతం పెరిగింది. పై లీగ్‌కి వెళ్లింది కిందటేటి టీమ్‌లో సగమే.

లోన్‌లు చెడ్డవి కావు, మొదటి పదకొండులో ఇద్దరికి మించనీయకండి. నమ్మకమున్న ఆటగాళ్లకి రెండేళ్లు ఇచ్చి, క్లబ్ కోరితే ఇంకో ఏడాది పొడిగించే క్లాజు పెట్టించుకోండి. ఈ క్లాజు మనకి పనికొచ్చేది, ఏజెంట్లు కూడా పెద్దగా పట్టుబట్టరు. జనవరి రాగానే జూన్‌లో ముగిసే కాంట్రాక్టుల జాబితా తీసి, వచ్చే ఏడాదికి పనికొచ్చే వాళ్లతో అప్పుడే మాట్లాడండి. ఏప్రిల్‌లో అడిగితే ప్రమోషన్ వాసన తగిలి రేటు పెంచుతారు.

క్లబ్ ఫుల్ టైమ్‌కి మారితే ఇంకో చిక్కు. పాత పార్ట్ టైమ్ కాంట్రాక్టుల మీద ఉన్నవాళ్లతో ఒక్కొక్కరితో మళ్లీ కూర్చోవాలి. 31 దాటినవాళ్లని ముందు పిలవకండి, కుర్రాళ్లతో మొదలుపెట్టండి. నేను తలకిందులుగా చేసి, సగం బడ్జెట్ రైట్ బ్యాక్‌కీ ఒక ముసలి మిడ్‌ఫీల్డర్‌కీ పోసేశాక, లీగ్‌లో 18 గోల్స్ కొట్టిన కుర్రాడికి ఇవ్వడానికి వారానికి 300 పౌండ్లు మిగిలాయి. అతను మర్యాదగా వద్దన్నాడు.