పాత కారుకు బెల్టు ఫ్యానా, ఎలక్ట్రిక్ ఫ్యానా?

ఫ్యాన్ మార్చాలన్న ఆలోచన వచ్చిందంటే, చాలాసార్లు అప్పటికే బండి వేడెక్కుతోందని అర్థం. కాబట్టి ముందుగా గమనించాల్సింది ఆ వేడి ఎప్పుడు వస్తోందన్నది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఉష్ణోగ్రత మీటరు ముల్లు పైకెక్కి, బండి వేగం అందుకోగానే దిగిపోతుంటే రేడియేటర్‌కు గాలి చాలడం లేదు. అది ఫ్యాన్ పనే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోతున్నప్పుడు వేడెక్కుతుంటే మాత్రం ఏ ఫ్యాన్ వేసినా డబ్బు దండగ, ఎందుకంటే ఆ వేగంలో ఎదురుగాలే సరిపోవాలి. రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయాయా, థర్మోస్టాట్ (వేడెక్కాక నీటిని రేడియేటర్‌కు వదిలే కవాటం) పూర్తిగా తెరుచుకుంటోందా, ఇంజిన్ వేగం పెంచినప్పుడు కింది హోస్ లోపలికి నొక్కుకుపోతోందా, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనకబడిందా అన్నవి చూడండి.

ఇంజిన్ బెల్టుతో తిరిగే బెల్టు ఫ్యాన్‌కు వైరు లేదు, ఫ్యూజు లేదు, స్విచ్ లేదు. దాని బలహీనత ఒక్కటే. గాలి బాగా కావాల్సిన ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) మెల్లగా తిరుగుతుంది, అక్కర్లేని వేగంలో ఇంజిన్ శక్తిని తినేస్తుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది లాగే శక్తి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. క్లచ్ ఫ్యాన్ వచ్చింది ఈ నష్టాన్ని తగ్గించడానికే. అందులో సిలికాన్ ద్రవం ఉంటుంది. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే ముందున్న చుట్ట స్ప్రింగు కవాటం తెరిచి, ఫ్యాన్‌ను పుల్లీతో కలుపుతుంది. దీన్ని పరీక్షించడం తేలిక. ఇంజిన్ ఆపి, చల్లారాక రెక్కను చేత్తో తిప్పండి. కాస్త బిగువుగా తిరిగి ఆగాలి. నాలుగైదు చుట్లు ఖాళీగా తిరిగినా, ఇరుసు చుట్టూ జిడ్డు చార కనిపించినా, రెక్క కొన ముందుకూ వెనక్కూ ఊగినా క్లచ్ పని అయిపోయినట్టే. పలుచటి ఉక్కు రెక్కలుండి, వేగం పెరిగితే చదునయ్యే ఫ్లెక్స్ ఫ్యాన్‌ను మేం సిఫారసు చేయం. ఏళ్లు గడిచేకొద్దీ రివెట్ల దగ్గర లోహం అలసి పగుళ్లు వస్తాయి. రెక్క ఊడితే రేడియేటర్‌నో బానెట్‌నో చీల్చేస్తుంది.

ఏ ఫ్యాన్ అన్నదానికంటే ఎక్కువ తేడా చూపేది ష్రౌడ్, అంటే ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు. అది లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి మేర నుంచే గాలి లాగుతుంది, వెనక ఉన్న వేడి గాలే తిరిగి రెక్కల ముందుకు వస్తుంది. రేడియేటర్ మూలలు వృథా. రెక్కల వెడల్పులో సుమారు సగం తొడుగు లోపల, సగం బయట ఉండాలి. రెక్క కొనకూ తొడుగుకూ మధ్య 20–25 మి.మీ. సందు వదలండి. ఇంజిన్ తన మౌంట్ల మీద కదులుతుంది కాబట్టి అంతకంటే దగ్గరైతే తగులుతుంది. మంచి క్లచ్, సరైన తొడుగు ఉన్న బండికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ అవసరం చాలా అరుదు.

మరి అది ఎప్పుడు కావాలి? రేడియేటర్‌కూ నీటి పంపుకూ మధ్య చోటు లేనప్పుడు, ఫ్యాన్ రేడియేటర్ మధ్యకు ఎదురుగా లేనప్పుడు, ఇంజిన్ ఆపకుండా ఎక్కువసేపు నిలబడే బండికి. కొనేముందు చార్జింగ్ లెక్క వేయండి. ఒక మోస్తరు ఫ్యాన్ 12–15 ఆంపియర్లు తీసుకుంటుంది, పెద్ద జోడు ఫ్యాన్లు 25–35. మొదలయ్యే క్షణంలో అంతకు రెండు మూడు రెట్లు లాగుతాయి. హెడ్‌లైట్లు, ఇగ్నిషన్, వైపర్లు కలిపితే మరో 20 వరకూ. పాత బ్రిటిష్ కార్లలో ఉండే లూకాస్ సీ40-1 డైనమో (ఆల్టర్నేటర్‌కు ముందుతరం చార్జింగ్ యంత్రం) గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లే, ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. అంటే ఫ్యాన్ తిరగాల్సిన వేళ భారమంతా బ్యాటరీ మీదే. డైనమో బండిలో బెల్టు ఫ్యాన్ ఉంచండి, లేదా ముందు ఆల్టర్నేటర్‌కు మారండి.

బిగించేటప్పుడు ఫ్యాన్‌ను రేడియేటర్ వెనక, గాలిని లాగేలా పెట్టండి. ముందుపెట్టి తోసేది ఎదురుగాలికి అడ్డుపడుతుంది. రేడియేటర్ గుండా దూర్చే ప్లాస్టిక్ పుల్లలు వద్దు. అదురుకు రాసుకుని రాసుకుని గొట్టాన్ని కోసేస్తాయి. పక్క ఫ్రేముకు బ్రాకెట్లు వేయండి. పాత ఫ్యాన్ తీసినప్పుడు దాని స్పేసర్ కూడా వస్తుంది, కాబట్టి పుల్లీకి పొట్టి బోల్టులు కావాలి. పొడుగువి అడుగంటి ఆగిపోతాయి. బిగిసినట్టే అనిపిస్తుంది గానీ పుల్లీ వదులుగానే ఉంటుంది.

వైరింగ్‌కు 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) తీసుకోండి. 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా కరెంటు, 87 నుంచి ఫ్యాన్‌కు, 86కు ఇగ్నిషన్, 85ను ఉష్ణోగ్రత స్విచ్ ద్వారా ఎర్త్‌కు కలపండి. 15 ఆంపియర్ల ఫ్యాన్‌కు 4 చ.మి.మీ. వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఎర్త్ వైరు కూడా అంతే లావు ఉండాలి, చాలామంది అక్కడే పొదుపు చేస్తారు. ఫ్యాన్‌ను నేరుగా ఇగ్నిషన్ వైరుకు కలిపితే, తాళంచెవి తిప్పి ఇగ్నిషన్ ఆపాక కూడా జోరుమీద తిరిగే ఫ్యాన్ తానే కరెంటు పుట్టించి ఇంజిన్‌ను కాసేపు నడిపించగలదు. డ్యాష్‌లో ఆమ్మీటర్ (కరెంటు కొలిచే మీటరు) ఉంటే 30వ పిన్ను కరెంటును ఆల్టర్నేటర్ వైపు నుంచి తీసుకోండి, లేకపోతే ఫ్యాన్ భారమంతా ఆ మీటర్ గుండానే పోతుంది. పాజిటివ్ ఎర్త్ బండిలో (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిసి ఉండేది) మామూలు బ్రష్ మోటారు వైర్లు అటూఇటూ మార్చి కలపాలి, ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు మాత్రం పనికిరావు.

82 డిగ్రీల థర్మోస్టాట్ ఉంటే ఫ్యాన్ 92 దగ్గర మొదలై 87 దగ్గర ఆగేలా స్విచ్ ఎంచుకోండి. థర్మోస్టాట్ కంటే కింద ఆగేలా పెడితే ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు. బాడీ ద్వారానే ఎర్త్ అయ్యే ఒంటి వైరు స్విచ్‌కు మరల మీద టేపు ఎక్కువ చుడితే ఎర్త్ తెగి ఫ్యాన్ అసలు మొదలే కాదు.

అన్నీ అయ్యాక ఇంజిన్‌ను ఆపకుండా 20 నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచండి. ఫ్యాన్ కనీసం రెండుసార్లు మొదలై ఆగాలి. అది తిరుగుతుండగా ఫ్యాన్ కనెక్టర్ దగ్గర వోల్టేజి, బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలవండి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో వైరు సన్నమో, జాయింటు వదులో.