డెమోలో ల్యాప్‌టాప్ మొరాయిస్తే వైఫైని తిట్టే ముందు తేదీ చూడండి

బడుల్లో డెమోలకు తీసుకెళ్లే చవక ల్యాప్‌టాప్‌లన్నీ దాదాపు ఒకే బాపతు. సెలరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, బోర్డు మీదే అతికించిన 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ, విండోస్ 11. ఒక డెమోకీ ఇంకో డెమోకీ మధ్య నెలో రెండు నెలలో బీరువాలో ఉంటాయి. ఇక్కడ రాసే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఆ బీరువాయే. వైఫై కలపడం, యాప్ తెరవడం లాంటివి మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఆన్ కావడం లేదు

ముందు ప్లగ్ పాయింట్‌లో కరెంటు ఉందో లేదో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. తరగతి గదుల్లో సగం పాయింట్లు పనిచేయవు. కరెంటు ఉంటే చార్జర్ పెట్టి అరగంట వదిలేయండి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ వెంటనే పలకదు. తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టి వదిలి, మళ్లీ ఒకసారి నొక్కండి.

పిన్ దూరింది కదా అని వేరే అడాప్టర్ పెట్టకండి. 5 వోల్టులదీ 12 వోల్టులదీ ఒకే రకం పిన్‌తో రావచ్చు. అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ, ల్యాప్‌టాప్ అడుగున రాసిన వోల్టేజీ ఒకటే అయి ఉండాలి. టైప్-సీ చార్జింగ్ అయితే మామూలు ఫోన్ చార్జర్‌తో చాలా మోడళ్లు చార్జ్ కావు.

ప్రొజెక్టర్ మీద బొమ్మ రావడం లేదు

విండోస్ కీ, పి కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. ప్రొజెక్టర్ రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి, కేబుల్ నిజంగా ఏ పోర్టుకు పెట్టారో దాన్నే ఎంచుకోండి. ఎక్కువసార్లు ఈ రెండింటితోనే అయిపోతుంది. పాత వీజీఏ ప్రొజెక్టర్ అయితే హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే కన్వర్టర్ కావాలి, ఉత్త కేబుల్ పనిచేయదు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ధ్వని హెచ్‌డీఎంఐ వైపు పోతోందని అర్థం. టాస్క్‌బార్‌లోని స్పీకర్ గుర్తు దగ్గర అవుట్‌పుట్‌ను ల్యాప్‌టాప్ స్పీకర్‌కు మార్చండి.

నత్తనడక నడుస్తోంది

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డిస్క్ 100 శాతం చూపిస్తుంటే, బీరువాలో ఉన్నన్నాళ్ల అప్‌డేట్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఈఎంఎంసీకి అంత వేగం ఉండదు. డెమో రోజున దీనికి మందు లేదు. ముందురోజే రెండు మూడు గంటలు నెట్‌కు పెట్టి అప్‌డేట్లు పూర్తిచేసి, రీస్టార్ట్ చేసి, తర్వాత విండోస్ అప్‌డేట్‌లో పాజ్ పెట్టాలి. గరిష్ఠంగా 5 వారాలు ఆపవచ్చు. హాట్‌స్పాట్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేస్తే డేటా కూడా మిగులుతుంది. స్టోరేజీలో కనీసం 10 జీబీ ఖాళీ ఉంచండి.

వైఫై కలిసింది, కానీ ఏదీ తెరుచుకోవడం లేదు

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. అదే హాట్‌స్పాట్ మీద ఫోన్‌లో యూట్యూబ్ ఆడుతుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం పాఠాల పోర్టల్ దీక్ష రాదు, జీమెయిల్ రాదు, స్టోర్ తెరుచుకోదు. బ్రౌజర్ ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అంటుంది. యాప్‌లయితే అదీ చెప్పవు, ఉత్త నెట్‌వర్క్ ఎర్రర్ చూపిస్తాయి. దాంతో రౌటర్ ఆపి మళ్లీ వేయడం, సిమ్ మార్చడం, చివరికి విండోస్ రీసెట్ కొట్టడం మొదలవుతుంది. రీసెట్‌కు గంటలు పడుతుంది, పెట్టుకున్న పాఠాలు పోవచ్చు, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది.

కుడి మూలన తేదీ చూడండి. గంటలు, నిమిషాలు చూసి ఊరుకోవద్దు, సంవత్సరం చదవండి. 2019 అనో 2020 అనో ఉంటే దొంగ దొరికినట్టే.

కంప్యూటర్ ఆపేసినా లోపల ఒక చిన్న గడియారం నడుస్తూ ఉంటుంది. చాలా చవక మోడళ్లలో దానికి విడిగా కాయిన్ సెల్ (నాణెం లాంటి చిన్న బ్యాటరీ) ఉండదు, అసలు బ్యాటరీ నుంచే కరెంటు తీసుకుంటుంది. బీరువాలో బ్యాటరీ సున్నాకు పడిపోతే గడియారం ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు ఏదో పాత తేదీ నుంచి మొదలవుతుంది. ఇక సురక్షిత సైట్లన్నీ సర్టిఫికెట్‌తో తమను నిరూపించుకుంటాయి. సర్టిఫికెట్‌కు మొదలయ్యే తేదీ ఉంటుంది, ముగిసే తేదీ ఉంటుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులే. ల్యాప్‌టాప్ 2019లో ఉంటే దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే నమ్మదు. ఫోన్ టవర్ నుంచి సమయం తీసుకుంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

‘ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లోనే ఉంది కదా, దానంతటదే సరిచేసుకోవాలి కదా’ అని అడుగుతారు. ఆఫీసు నెట్‌వర్క్‌లో చేర్చకుండా విడిగా వాడే విండోస్‌లో డిఫాల్ట్‌గా ఒక హద్దు ఉంది: తేడా 15 గంటలు దాటితే టైమ్ సర్వర్ చెప్పిన సవరణను తీసుకోదు. అంటే తేడా ఏళ్లలో ఉన్నప్పుడు సింక్ నౌ ఎన్నిసార్లు నొక్కినా లాభం ఉండదు. ముందు చేత్తో దగ్గరకు తేవాలి.

సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్‌కు వెళ్లండి. మొదట టైమ్ జోన్ చూడండి, ఈ వరుస తప్పకండి. ఆటోమేటిక్ జోన్ ఆపి, జాబితాలో ‘+05:30 చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ’ ఎంచుకోండి. తర్వాత ఆటోమేటిక్ టైమ్ ఆపి, చేంజ్ నొక్కి, ఫోన్ చూసి సంవత్సరం, నెల, రోజు, సమయం పెట్టండి. మళ్లీ ఆటోమేటిక్ ఆన్ చేసి సింక్ నౌ నొక్కండి. బ్రౌజర్ కిటికీలన్నీ మూసి తెరవండి. తేదీ మార్చడానికి అడ్మిన్ ఖాతా కావాలి, కాబట్టి ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు లేకుండా డెమోకు బయల్దేరకండి. సింక్ విఫలమైతే బడి నెట్‌వర్క్ సమయం తెచ్చుకునే దారిని (యూడీపీ 123 పోర్టును) మూసేసి ఉండవచ్చు, ఫోన్ హాట్‌స్పాట్ మీద ప్రయత్నించండి.

జోన్ ముందు అన్నది ఎందుకంటే, కొన్ని మెషీన్లు అమెరికా పసిఫిక్ జోన్‌తో వస్తాయి. ఎవరో జోన్ మార్చకుండా గంటల ముల్లు మాత్రం మనకు సరిపోయేలా తిప్పేస్తారు. తెర మీద సమయం సరిగ్గా ఉంటుంది, లోపలి లెక్క మాత్రం పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలు ముందుకు పోతుంది. సింక్ కాగానే గడియారం ‘తప్పుతుంది’, దాంతో ఆటోమేటిక్‌ను శాశ్వతంగా ఆపేస్తారు. ఇలాంటి మెషీన్‌లో సైట్లు చాలావరకు తెరుచుకుంటాయి, లాగిన్ దగ్గర మాత్రం కొన్ని యాప్‌లు వెనక్కి నెడతాయి. అక్కడ అందరూ పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చుంటారు. పాస్‌వర్డ్ ముట్టుకోకుండా జోన్ చూడండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే 50-60 శాతం చార్జి ఉంచి, పూర్తిగా షట్‌డౌన్ చేసి బీరువాలో పెట్టండి, నెలకొకసారి తీసి చార్జ్ చేయండి. మీ మోడల్‌లో కాయిన్ సెల్ ఉంటే అది నల్ల ప్లాస్టిక్ చుట్టి, రెండు వైర్లతో చిన్న కనెక్టర్‌కు తగిలించి ఉంటుంది. మల్టీమీటర్ 3 వోల్టులకు బాగా తక్కువ చూపిస్తే, అదే కనెక్టర్ ఉన్నది కొని మార్చండి.

తెలుగు అక్షరాలు చెదిరిపోయాయి

అను ఫాంట్లతో చేసిన స్లైడ్లు ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. గౌతమి ఫాంట్ పాత ఫైళ్లలో ఉంటుంది, ఇప్పటి విండోస్‌లో మొదటినుంచీ ఉండకపోవచ్చు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఇన్‌స్టాల్ చేస్తే వస్తుంది. దీనికి నెట్ కావాలి, ఇంట్లోనే చేసుకోండి.

అరుదైనవి

యాప్ ఇన్‌స్టాల్ కానివ్వకపోతే, స్టోర్ యాప్‌లను మాత్రమే అనుమతించే ఎస్ మోడ్‌లో విండోస్ ఉందేమో చూడండి. బయటికి రావడం ఉచితమే, మళ్లీ వెనక్కి వెళ్లలేరు. వైఫై కార్డు, తెర కేబుల్ పాడవడం చాలా తక్కువ, డెమో బల్ల మీద విప్పకండి. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో) సెక్యూర్ బూట్ జోలికి పోతే, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మెషీన్‌ను మొదట సెటప్ చేసిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది.