గొర్రెలు ఏ చెట్టు ఆకును ఇష్టపడతాయో తెలుసుకోవడం ఎలా?

ఏప్రిల్ నాటికి బీళ్లలో గడ్డి ఎండిపోతుంది. ఇక మందకు చెట్ల మండలే దిక్కు. మేత కోసం గట్ల మీద ఏ మొక్కలు నాటాలన్నది నర్సరీలో దొరికేదాన్ని బట్టి కాదు, మీ గొర్రెల నోటిని బట్టి తేల్చుకోండి. ఎనిమిది రోజుల పరీక్ష చాలు.

నాలుగు రకాల ఆకు ఎంచుకోండి. ఉదాహరణకు అవిశ, సుబాబుల్, గ్లైరిసిడియా, రావి. గన్నేరు వంటి విషపు మండలను దగ్గరికి కూడా రానివ్వకండి. తినకూడనిదాన్ని గొర్రె తనంతట తానే వదిలేస్తుందని చాలామంది నమ్ముతారు. ఆకలి మీదున్న గొర్రె గన్నేరును కూడా కొరుకుతుంది. కొద్దిపాటి ఆకే దాని ప్రాణం తీస్తుంది.

మొదటి నాలుగు రోజులు నాలుగు రకాలనూ కొంచెం కొంచెం రుచి చూపండి. ఎరగని ఆకును గొర్రె వాసన చూసి వదిలేస్తుంది, అది అయిష్టం కాదు.

తర్వాతి నాలుగు రోజులు అసలు పరీక్ష. ఒకే వయసువి ఐదారు గొర్రెలను తీసుకుని, ఉదయం మేతకు వదిలే ముందు ఒక్కొక్కదానినే తడిక కట్టిన దొడ్డి లోపలికి పంపండి. కలిపి వదిలితే పక్కదాన్ని చూసి తింటాయి. అయితే తడిక అవతల తోటి గొర్రె కనబడుతూ ఉండాలి, లేకపోతే బెదిరి మేత ముట్టదు. అరకిలో చొప్పున తూచిన నాలుగు కట్టలను మన మోకాలికి కాస్త పైన కట్టండి. మేకలా ముందుకాళ్లెత్తి అందుకోవడం గొర్రెకు అంతగా అలవాటు లేదు. కట్టల స్థానాలు రోజూ మార్చండి.

అరగంట తర్వాత మిగిలింది తూచండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆకు వాడి బరువు తగ్గినా గొర్రె తిన్నదనుకుంటారు. అందుకని ప్రతి రకంలోనూ ఒక కట్టను గొర్రెకు అందకుండా పక్కన ఉంచండి. పక్కన ఉంచిన అరకిలో కట్ట వాడి 460 గ్రాములకు తగ్గి, గొర్రె తిన్న కట్టలో 200 గ్రాములు మిగిలితే, గొర్రె తిన్నది సుమారు 260 గ్రాములు.

గ్లైరిసిడియా వెనకబడితే దాన్ని జాబితాలోంచి కొట్టేయకండి. అడ్డం వాసనే. సగం రోజు నీడన వాడబెట్టి, అవిశతో కలిపి మళ్లీ పెట్టి చూడండి. సుబాబుల్ మొదటి స్థానంలో నిలిచినా మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. అందులోని మైమోసిన్ అనే విషపదార్థం ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి.

లేత ఆకుతో వచ్చిన ఫలితం ముదురు ఆకుకు వర్తించదు. వానలు పడ్డాక ఒకసారి, నడివేసవిలో మరోసారి తూచి చూశాకే గుంతలు తీయండి.