లద్దాఖ్ ఊళ్లలో బస చేస్తూ నడవాలంటే: రుంబక్ దారి

లద్దాఖ్‌లో ట్రెక్కింగ్ అనగానే గుర్రాల మీద గుడారాలు, గ్యాస్ సిలిండర్లు, వెంట ఒక వంటమనిషి ఉండాలనుకుంటారు చాలామంది. అవేవీ అక్కర్లేని దారులున్నాయి. పొద్దున ఒక ఊళ్లో బయల్దేరి, సాయంత్రానికి ఇంకో ఊరు చేరి, అక్కడ ఒకరింట్లో వాళ్లు వండింది తిని, వాళ్లు పరిచిన పరుపు మీద పడుకోవచ్చు. నేను హనుమకొండలో బోటనీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. మా వదినా నేనూ కలిసి ఇలాగే తిరుగుతుంటాం. మా వయసువాళ్లూ, మొదటిసారి కొండలెక్కే కుర్రవాళ్లూ అడిగే విషయాలన్నీ ఇక్కడ రాస్తున్నాను. రుంబక్ ఊరినే ఎందుకు తీసుకున్నానంటే, లద్దాఖ్‌లో హోమ్‌స్టేలు మొట్టమొదట వచ్చిన ఊళ్లలో అదొకటి. అక్కడ అవి ఎందుకొచ్చాయో తెలిస్తే మనం ఎలా మసలుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

వంతు సంగతి ముందు

రుంబక్ హెమిస్ నేషనల్ పార్క్ లోపల, సుమారు 4,000 మీటర్ల ఎత్తులో ఉంది. 1981లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం దాదాపు 4,400 చదరపు కిలోమీటర్లు. దేశంలో ఇంతకన్నా పెద్ద నేషనల్ పార్క్ లేదు. మంచు చిరుతలకు ఇది పెట్టింది పేరు. ఊళ్లో పట్టుమని పది ఇళ్లు. బార్లీ, బఠాణీ పండిస్తారు, గొర్రెలూ మేకలూ మేపుతారు. చిరుత కొండ మీద మేకను పడితే ఒక మేకే పోతుంది. రాత్రిపూట దొడ్లో దూరిందంటే మాత్రం, పారిపోయే దారిలేక బెదిరి తిరిగే జీవాలను వరసపెట్టి చంపేస్తుంది. తెల్లారేసరికి ఆ ఇంటి ఆస్తంతా నేలమీద పడి ఉంటుంది. ఆ కడుపుమంటతో జనం చిరుతలను చంపేవాళ్లు.

2000ల మొదట్లో రించెన్ వాంగ్‌చుక్, ఆయన స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ బృందం ఊరివాళ్లతో కూర్చుని రెండు దారులు వెతికారు. ఒకటి, దొడ్ల పైకప్పుకు గట్టి ఇనుప వల బిగించడం. రెండోది, చిరుత బతికి ఉంటేనే ఇంటికి నాలుగు డబ్బులు వచ్చేట్టు చూడడం. ఆ రెండో దారే హోమ్‌స్టే. 2024 జనవరిలో వెలువడిన దేశవ్యాప్త గణనలో 718 మంచు చిరుతలు ఉంటాయని అంచనా వేస్తే, వాటిలో 477 లద్దాఖ్‌లోనే ఉన్నాయి. ఆ చిరుతలు తిరిగే కొండల మధ్య కాపురముంటున్నవాళ్ల ఇంటికి మనం అతిథులుగా వెళ్తున్నాం.

ఇక్కడ అతిథులు వంతుల ప్రకారం వెళ్తారు. ఇవాళ వచ్చినవాళ్లు ఒకరింటికైతే, తర్వాత వచ్చేవాళ్లు ఇంకొకరింటికి. వచ్చిన డబ్బులో కొంత ఊరి ఉమ్మడి నిధిలో పడుతుంది. లద్దాఖ్ పల్లెల్లో పొలాలకు నీళ్లు కూడా వంతుల మీదే పారతాయి. ఆ పని చూసే మనిషిని ఛుర్‌పొన్ అంటారు. మన ఊళ్లలో చెరువు నీళ్లు పంచే నీరటి లాంటివాడన్నమాట. అందుకే అతిథులను వంతులేసుకోవడం వాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని కాలేదు.

కాబట్టి ఎక్కడో ఫొటో చూసి ‘మాకు ఆ ఇల్లే కావాలి, కిటికీలోంచి మంచుకొండ కనపడే గదే కావాలి’ అని పట్టుబట్టకండి. అలా నలుగురు అడిగితే నాలుగు సీజన్లలో ఆ ఒక్క ఇల్లు బాగుపడుతుంది, మిగతా ఇళ్లకు చిరుత మీద పాత కోపమే మిగులుతుంది. ఊరు చేరాక ఎవరి వంతో అడిగి, చూపించిన ఇంటికి వెళ్లండి. రేటు తిండితో కలిపి మనిషికింత అని అన్ని ఇళ్లకూ ఒకటే ఉంటుంది. బేరం ఆడకండి.

ఎలా వెళ్లాలి

విమానంలో ఢిల్లీ నుంచి లేహ్ గంటన్నర లోపే. సముద్ర మట్టానికి దగ్గర్లో పొద్దున నిద్రలేచి, టిఫిన్ వేళకు 3,500 మీటర్ల ఎత్తున దిగుతాం. ఒంటికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. తీరిక ఉన్నవాళ్లకు నా సలహా రైలు, రోడ్డు. చెన్నై నుంచి కట్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా పోతుంది. 2025 జూన్ నుంచి కట్రా-శ్రీనగర్ వందే భారత్ నడుస్తోంది, కాబట్టి ఇప్పుడు శ్రీనగర్ దాకా పట్టాల మీదే వెళ్లొచ్చు. అక్కడి నుంచి బస్సో, షేర్ టాక్సీయో. మధ్యలో కార్గిల్‌లో ఒక రాత్రి తప్పకుండా ఆగండి. శ్రీనగర్ 1,600 మీటర్లు, కార్గిల్ సుమారు 2,700, ఆ తర్వాత లేహ్. ఒళ్లు మెట్టు మెట్టుగా అలవాటు పడుతుంది. పెట్రోలు పొగ కూడా విమానం పొగ కన్నా తక్కువే. మనాలి దారి చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, మధ్యలో సర్చూలో 4,200 మీటర్ల పైన పడుకోవాల్సి వస్తుంది. ఎత్తు కొత్తయినవాళ్లకు అది తలనొప్పి, వాంతుల రాత్రి. వెళ్లేటప్పుడు శ్రీనగర్ దారిన వెళ్లి, ఒళ్లు అలవాటయ్యాక తిరుగు ప్రయాణంలో మనాలి మీదుగా దిగండి.

నడకకు జులై నుంచి సెప్టెంబర్ సగం దాకా మంచి కాలం. ఫోన్ విషయంలో ఒక్కమాట. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అది కూడా లోపలి లోయల్లో అందదు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి వెళ్తే వాళ్లకు టెన్షన్ ఉండదు.

లేహ్‌లో ఊరికే కూర్చోవడం

విమానంలో దిగినవాళ్లు లేహ్‌లో కనీసం రెండు పూర్తి రోజులు ఏ పనీ పెట్టుకోకూడదు. మొదటి రోజు మంచం దిగొద్దు, రెండో రోజు బజారు దాకా నెమ్మదిగా నడిచి రండి. వీలైతే మూడో రోజు కూడా ఉండండి. ‘నేను రోజూ జిమ్‌కెళ్తాను, నాకేం కాదు’ అనే కుర్రవాళ్లకే నేను గట్టిగా చెప్పేది. ఎత్తు జబ్బుకు కండబలంతో పనిలేదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కన్నా పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. లేహ్ కన్నా రుంబక్ ఎత్తు ఇంచుమించు ఆ 500 మీటర్లే. అందుకే అది మంచి మొదటి మజిలీ. డయామాక్స్ మాత్ర చాలామంది వాడతారు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. కానీ సల్ఫా మందులు పడనివాళ్లూ, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లూ ఊళ్లోనే మీ డాక్టర్‌ను అడిగి తెచ్చుకోండి. తలనొప్పితో పాటు నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఇంక ఆలోచించకండి, రాత్రయినా సరే కిందికి దిగాల్సిందే.

రెండో రోజు బజారుకెళ్లినప్పుడు నెమ్మదిగా చేయగల పనులు: పర్యావరణ రుసుము, పార్కు రుసుము కట్టి రసీదులు దాచుకోవడం, ఏటీఎంలో చాలినంత నగదు తీయడం (ఊళ్లలో చిల్లర కూడా దొరకదు), లోకల్ గైడ్‌ను మాట్లాడుకోవడం. రుంబక్ వరకు దారి తప్పే భయం లేదు గానీ, గందా లా అనే కనుమ దాటే ఆలోచన ఉంటే గైడ్ తప్పనిసరి. ఆ లోయల్లోని ఊళ్లవాళ్లే దొరికితే ఇంకా మంచిది.

సంచిలో ఏం ఉండాలి

స్లీపింగ్ బ్యాగ్ అక్కర్లేదు, ఇళ్లల్లో బరువైన రజాయిలు ఇస్తారు. లోపల కప్పుకోవడానికి ఒక పల్చటి దుప్పటి తీసుకెళ్లండి. దానివల్ల రజాయి కవర్లు ప్రతి అతిథికీ ఉతకాల్సిన పని వాళ్లకు తప్పుతుంది, ఆ చన్నీళ్లలో ఉతకడం మాటలు కాదు. ఉన్ని టోపీ, ఎండకు వెడల్పాటి టోపీ, సన్‌స్క్రీన్, వాగులు దాటడానికి పట్టీలున్న చెప్పులు, పవర్ బ్యాంక్, నీళ్ల సీసాలు రెండు, క్లోరిన్ మాత్రలు. కొనుక్కునే నీళ్ల సీసాలు వద్దు. కాచిన నీళ్లు ఏ ఇంట్లోనైనా పోసిస్తారు. 1990ల చివర్లోనే లేహ్‌లో ఆడవాళ్ల సంఘం పట్టుబట్టి ప్లాస్టిక్ సంచులు మాన్పించింది. అలాంటి చోట మనం బిస్కెట్ల రేపర్లు వదిలి రాకూడదు. తెచ్చుకున్న ప్రతి కవరూ తిరిగి లేహ్‌కు మోయండి.

ఆవకాయ తీసుకెళ్లొచ్చు, చిన్న సీసా, మూత మీద టేప్ చుట్టి. కానీ అన్నం కోసం పట్టుబట్టకండి. బియ్యం ఆ ఊళ్లో పండదు. మైదానాల నుంచి లారీలో లేహ్‌కు, అక్కడి నుంచి కొండ దారిలో వస్తుంది. వాళ్ల పొలంలో పండింది తింటే డబ్బు ఊళ్లోనే ఉంటుంది, అంత దూరం బరువు మోసే పనీ తప్పుతుంది.

నడక

లేహ్ నుంచి స్పితుక్ మీదుగా జింగ్‌చెన్ దాకా బండి వెళ్తుంది. అక్కడి నుంచి ఇరుకు లోయలో వాగు పక్కనే దారి. కుర్రవాళ్లు రెండు గంటల్లో వెళ్లిపోతారు, మాలాంటివాళ్లకు నాలుగు పడుతుంది, ఏం ఫర్వాలేదు. మాట్లాడుతూ నడవగలిగితే అదే సరైన వేగం. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. దారిలో మణి గోడలు (మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చినవి), ఛోర్తెన్‌లు (బౌద్ధ స్తూపాలు) వస్తాయి. వాటిని మన కుడిచేతి వైపు ఉంచుకుని ఎడమ పక్కగా దాటాలి, గుడికి ప్రదక్షిణ చేసినట్టే. రాళ్ల రంగులోనే కలిసిపోయి భరాల్ అనే అడవి గొర్రెల మందలు కనపడతాయి, వాటి మీదే చిరుత బతుకుతుంది. చిరుత మాత్రం వేసవిలో కనపడదనే అనుకోండి. దాన్ని చూడాలనుకునేవాళ్లు జనవరి, మార్చి మధ్య గడ్డకట్టే చలిలో ఇదే ఊరికి వస్తారు.

వాగులు పొద్దున్నే దాటండి. మధ్యాహ్నం ఎండకు పైన మంచు కరిగి, పొద్దున మోకాలి లోతున్న నీరు సాయంత్రానికి తొడ దాకా వస్తుంది. మబ్బు పట్టిన రోజు లోయ అడుగున, వాగు ఇసుకలో కూర్చోకండి. 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి లేహ్‌లో జరిగిన ప్రాణనష్టాన్ని ఇక్కడివాళ్లు మరిచిపోలేదు.

ఇంట్లోకి వెళ్లాక

గుమ్మంలో ‘జూలే’ అనండి. నమస్కారానికీ, థాంక్స్‌కీ, వెళ్లొస్తామనడానికీ అదే. ఇంటి పెద్దావిడను ‘ఆమా-లే’ అని, వయసులో కాస్త పెద్దయిన ఆడవాళ్లను ‘ఆచే-లే’ అని పిలవండి. బూట్లు బయటే విప్పాలి. మిమ్మల్ని వంటింట్లోనే కూర్చోబెడతారు, అదే ఆ ఇంట్లో పెద్ద గది. ఒక గోడ పొడుగునా అరల్లో రాగి, ఇత్తడి గిన్నెలు తళతళలాడుతుంటాయి. మధ్యలో ఇనుప పొయ్యి, అందులో ఎండిన పిడకలు. ఆ పొయ్యికి ఎదురుగా కాళ్లు చాపకండి.

మేమున్న ఇంట్లో ఆమా-లే స్క్యూ చేసింది. గోధుమపిండి ముద్దలోంచి చిక్కుడు గింజంత తుంచి, అరచేతిలో పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి తిప్పితే చిన్న గిన్నెలా గుంటపడుతుంది. ఆ గుంటలో పులుసు నిలుస్తుంది. బంగాళాదుంప, క్యారెట్, టర్నిప్ ముక్కలతో పాటు అవి ఉడుకుతుంటే వదిన కూడా పిండి అందుకుంది. ఆవిడ నొక్కినవి చూసి ఆమా-లే ఒక్కొక్కటీ తీసి మళ్లీ నొక్కి కుండలో వేసింది, గుంట చాలకపోతే లోపల ఉడకదట. మీరు కూడా చేతులు కడుక్కుని సాయానికి కూర్చోండి. భాష రాకపోయినా పొద్దు గడిచిపోతుంది.

వెన్న టీ ఉప్పగా ఉంటుంది. కప్పులో గుటక తగ్గితే చాలు, వెంటనే నింపుతారు. ‘చాలమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా పోస్తూనే ఉంది, ఏం చెయ్యను?’ అని వదిన నా చెవిలో గొణిగింది. ‘తాగకు వదినా, నిండుగా అలాగే ఉంచెయ్. లేచేముందు తాగితే సరిపోతుంది’ అన్నాను. అక్కడి మర్యాద అదే. ఎత్తులో ఒళ్లు ఎండిపోకుండా ఏదో ఒకటి తాగుతూ ఉండడం మంచిది కూడా. బార్లీతో చేసే మత్తు పానీయం ఛాంగ్ మాత్రం మొదటి రెండు మూడు రాత్రులు వద్దు.

మరుగుదొడ్డి గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. మేడ మీద గది, నేలలో కన్నం, పక్కన మట్టి కుప్ప, పార. పని అయ్యాక పారెడు మట్టి కిందికి తోయాలి. కింద అది ఎరువై వసంతంలో పొలానికి పోతుంది. మన అలవాటు కొద్దీ బకెట్లతో నీళ్లు పోస్తే ఎరువు కుళ్లి ఇల్లంతా కంపు కొడుతుంది. చిన్న సీసాడు నీళ్లతో సరిపెట్టుకోండి. తడి వైప్స్, ప్యాడ్‌లు అందులో వేయకూడదు, విడిగా కట్టి లేహ్‌కు తేవాలి. స్నానానికి వేణ్నీళ్లు కూడా ఆ పిడకల మీదే కాగాలి, కాబట్టి ఒళ్లు తుడుచుకోవడంతో ఆపండి.

రుంబక్‌లో రెండు రాత్రులు ఉండండి. రెండో రోజు యురుత్సే దాకా వెళ్లి రావచ్చు, ఊరంటే అక్కడ ఒకే ఒక్క ఇల్లు. ఒళ్లు బాగుంటే ఆ మర్నాడు గందా లా (5,000 మీటర్లకు కాస్త తక్కువ) దాటి షింగో, అక్కడి నుంచి స్క్యు, మార్ఖా, హంకర్ ఊళ్ల మీదుగా ఇళ్లల్లోనే పడుకుంటూ వెళ్లొచ్చు. ఇప్పుడు చిల్లింగ్ దగ్గర జంస్కార్ నది దాటి మార్ఖా లోయలోకి రోడ్డు పడింది. బండిలో వెళ్లేవాళ్లు మధ్య ఊళ్లలో ఆగరు. నడిచేవాళ్లు ఆగితేనే ఆ ఇళ్లకు వంతు వస్తుంది.

ఇంత ఎత్తు వద్దనుకుంటే శామ్ ప్రాంతం ఉంది. లికిర్ నుంచి యాంగ్‌థాంగ్, హెమిస్ షుక్‌పాచన్, తెమిస్‌గామ్ దాకా మూడు రోజుల నడక. కనుమలన్నీ 4,000 మీటర్ల లోపే, ప్రతి మజిలీలోనూ హోమ్‌స్టేలున్నాయి, ఒంట్లో బాగోకపోతే రోడ్డు దగ్గర్లోనే ఉంటుంది. హెమిస్ షుక్‌పాచన్‌లో ముసలి జూనిపర్ చెట్ల తోపు ఉంది. చెట్లంటే ఇష్టమున్నవాళ్లు అక్కడ ఒక పూట ఎక్కువ ఉండేలా ప్లాన్ చేసుకోండి. కొమ్మలు మాత్రం తుంచొద్దు, ఊరివాళ్లకు అవి పూజ చెట్లు.